వైపర్‌కు చుట్టుకున్న దండ

కొడకండ్ల శివార్లలోని బీడులో కార్ల పందెం. కారుకు పూజ చేయించలేదని జాల్యాను అందరి ముందూ వెక్కిరించాడు మహీధర్. "దేవునికి మొక్కకుంట బండెక్కుతవా? నన్ను జూసి నేర్చుకో." అతని కారు ముందు అద్దానికి అడ్డంగా లావుపాటి బంతిపూల దండ.

సగం పందెంలో వాన దంచికొట్టింది. వైపర్ వేయగానే దండ దానికి చుట్టుకుని అద్దం మూసుకుపోయింది. ఆగితే పరువు పోతుందని మహీధర్ బ్రేకు తొక్కలేదు. ముందున్న జాల్యా కారును గుద్ది బురదలోకి తోసేశాడు.

రెండు కార్లూ ఆగిపోయాయి. జాల్యా దిగి వస్తుంటే, కొడతాడేమోనని మహీధర్ అద్దాలు ఎక్కించుకున్నాడు. జాల్యా తడుస్తూనే దండను ఓపిగ్గా విడదీసి, కళ్లకద్దుకుని, అద్దం తట్టాడు.

"దేవుని దండ, అన్నా. కింద పడితే తొక్కుతరు. లోపల పెట్టుకో."

అద్దం దించడానికి మహీధర్‌కు చెయ్యి రాలేదు.