గుమ్మం బయట కూర్చున్న ఊపిరి

తాతారావు ఊపిరి ఇవాళ పొద్దున లోపలికి రానంటుంది. భుజాన తువ్వాలు వేసుకుని వీధి అరుగు మీద కూర్చుంటుంది.

అతని భార్య వరహాలుకి ఇది మరీ కొత్తేమీ కాదు. నిరుడు చలికాలం నుంచీ ఆ ఊపిరి గునుస్తూనే ఉంది. కానీ అలగడానికి ఇవాళే దొరికిందా? మధ్యాహ్నం పక్కింటి రోహిణి పెళ్ళి. ముహూర్తానికి తాతారావు సన్నాయి ఊదాలి. ఊపిరి లేకపోతే సన్నాయి ఒట్టి కర్రముక్క. ఇక తాతారావు సంగతి తలుచుకోడానికే వరహాలుకి భయం.

"లోపలికి రా బాబూ, కాఫీ ఎడతాను" అంటుంది.

"ఎక్కడ కూకోమంటావమ్మా? ఆయన గుండెల్లో అంతా దుమ్ము కూకుంది" అంటుంది ఊపిరి.

ఇల్లు అద్దంలా ఉంచే మనిషితో అనాల్సిన మాటేనా ఇది? వరహాలుకి ఒళ్ళు మండుతుంది. చీపురు అందుకుని, మంచం మీద పడుకున్న తాతారావు చొక్కా గుండీలు విప్పి, ఛాతీ తలుపు తోసి లోపలికి వెళ్తుంది.

లోపల రెండే గదులు. అవి సందులుగా, సందులు గొందులుగా చీలి, ఆమె నడిచేకొద్దీ పొడుగవుతున్నాయి. ప్రతి గొంది చివరా ఎవరో కూర్చున్నారు. కంటికి ఆనరు. దీపం పట్టుకుంటే వెలుగు మాత్రం తగ్గుతుంది.

ఆమె ఊడుస్తుంది. వాళ్ళు లేస్తారు, చీపురు దాటగానే మళ్ళీ కూర్చుంటారు. కొందరు గోడలోంచి ఎర్రకాలవలోకి జారి, గుండె వైపు కొట్టుకుపోతారు.

"పొడి చీపురికి మేం ఎళ్ళమమ్మా" అంటుంది ఒక గొంతు, మర్యాదగానే.

"ఏ ఊరోళ్ళు మీరు?"

"మీ ఈదోళ్ళమే. రోజూ నువ్వే కదేటి పంపుతన్నావు."

వరహాలు చేతిలోని చీపురు వంక చూస్తుంది. కళ్లాపి నీళ్ళు చల్లకుండా వాకిట్లో ఏనాడూ చీపురు పెట్టని మనిషి ఆమె. ఊడ్చిన చెత్తని మాత్రం, ప్లాస్టిక్ సంచులతో సహా, వీధి మూల పోగేసి అగ్గిపుల్ల గీస్తుంది. వీధిలో ఆడవాళ్ళందరూ అంతే. మంట ఆరితే చెత్త పోయిందనుకుంటారు. అదంతా వచ్చి ఇక్కడ కాపురం పెట్టింది. ఆమెకి ఏడుపొస్తుంది.

"మరెలాగెళ్తారు?" అని అడుగుతుంది.

"కొత్తోళ్ళు రాకపోతే ఉన్నోళ్ళం మెల్లిగా లెగుస్తాం. అందరం అని మాటియ్యలేం."

ఆమెకి ఆ మాట చాలు. బయటికొచ్చి కళ్లాపి బకెట్టు ఎత్తి, వీధి మూల రగులుతున్న కుప్ప మీద కుమ్మరిస్తుంది. మంట ఆరుతుంది, పొగ ఆకాశాన్ని పట్టుకుని వేలాడుతుంది. ఆకాశం ఇవాళ చూరు ఎత్తులోనే ఉంది కాబట్టి దాని మీదా చల్లుతుంది.

"ఒక్కదానివే ఎంతకని సల్లుతావొదినా?" అంటూ రోహిణి తల్లి పెళ్ళిపని వదిలేసి బకెట్టు తెస్తుంది. ఆమె వెనకే వీధంతా వస్తుంది. ఆకాశం తడిసి మట్టివాసన వేస్తుంది.

ఊపిరి అరుగు దిగి కాళ్ళు తుడుచుకుంటుంది.

"గొంది సివరకంటా ఎళ్ళలేను గానీ, ముందు గదిలో కూకుంటాను."

ముహూర్తానికి తాతారావు ఊదుతాడు. మొదటి స్వరం బొంగురుగా వస్తుంది. దాని వెనకే సన్నాయి అంచు నుంచి బూడిదరంగు నలుసొకటి దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని, తడి ఆకాశం మీదికి నడిచి కూర్చుంటుంది. దాని పక్కన ఇంకొకటి. చేతిలో అక్షింతలు మరిచిపోయి పెళ్ళివాళ్ళు తలలెత్తి చూస్తున్నారు. ముగ్గుకి పెట్టినట్టే చుక్కలు వరసలో పడుతున్నాయి.

వరహాలు ఇక ఆగలేకపోతుంది. కొంగు బొడ్లో దోపుకుని, గుప్పెడు ముగ్గుపిండితో పైకెక్కి చుక్కలు కలుపుతుంది. ముగ్గు పడ్డచోట గుమ్మం ఉండాలి కాబట్టి, ముగ్గు సగమయ్యేసరికి దాని వెనక ఒక గుమ్మం లేస్తుంది. గుమ్మం నిండా వీధిలోవాళ్ళందరి ఊపిర్లూ, తువ్వాళ్ళు భుజాన వేసుకుని, ముగ్గు తొక్కకుండా ఎలా దిగాలా అని నిలబడి ఉన్నాయి.

"ఉండండమ్మా, ఇంకా సుక్కలొస్తన్నాయి" అంటుంది వరహాలు.

కింద తాతారావు, తర్వాతి స్వరం కోసం, ఊపిరి తీసుకుంటాడు.