బాగ్దాదు గడియారం

ఆ శుక్రవారం రైలు దిగి, మీరాబీ గారి బట్టల కొట్టు మెట్లెక్కేసరికి ఆమె నన్ను చూసి తల అడ్డంగా ఊపింది.

"ఇందాకే వచ్చిపోయిందమ్మా ఫోను. మీ అత్తగారికి కబురు పెడితే వచ్చి మాట్లాడి వెళ్ళింది."

అలా జరగడం వరసగా మూడోసారి.

మా ఆయన ఎజ్రా బాగ్దాదు దగ్గర ఒక కంపెనీలో వెల్డరు. ఎనభై ఎనిమిది నవంబరులో వెళ్ళాడు. శుక్రవారం వాళ్ళకి సెలవు. మధ్యాహ్నం మూడింటికి క్యాంపు నుంచి ఫోను చేస్తాడు. అప్పుడు మన రేపల్లెలో ఐదున్నర. మా వీధిలో ఫోనున్నది మీరాబీ గారి కొట్టులోనే. నేను తెనాలిలో ఒక నర్సింగ్ హోమ్‌లో నర్సుని. డ్యూటీ ముగించుకుని ప్యాసింజరు ఎక్కితే ఐదు దాటాక రేపల్లెలో దిగుతాను. చలికాలమంతా ఒక్క ఫోనూ తప్పలేదు. ఏప్రిల్ వచ్చేసరికి ఫోను నాలుగున్నరకే మోగడం మొదలైంది. అప్పటికి నేనింకా రైల్లోనే ఉంటాను.

ఇంటికెళితే మా అత్తగారు జ్ఞానమ్మ వరండాలో కూర్చుని ఉంది.

"వాడు ఎప్పుడూ చేసే మూడింటికే చేస్తున్నాడంట. నువ్వే ఉండట్లేదంట."

"నాలుగున్నరకి వస్తోంది అత్తమ్మా. ఇదివరకు ఐదున్నరకి వచ్చేది."

"మీరాబీ తమ్ముడు కువైట్ నుంచి చేసే ఫోను ఎప్పటి టైముకే వస్తోందిగా? కువైటూ బాగ్దాదూ పక్కపక్కనేనంట. వాళ్ళకి మారని టైము మనోడికే మారిందా? ఉద్యోగం మానిపించమన్నాడు. మొగుడు పిలిచినప్పుడు పలకని పెళ్ళానికి ఊరు దాటి పనేంటి అన్నాడు."

నేను వంటింట్లోకి వెళ్ళాను. పొద్దున వంచిన గంజి గిన్నె అలాగే ఉంది. అంట్లు తోముతూ నన్ను నేనే అనుమానించుకున్నాను. రైలు ఆలస్యంగా వస్తోందా? స్టేషన్లో ఎవరితోనైనా మాట్లాడుతూ నిలబడిపోతున్నానా? మీరాబీ గారైతే తన గోడ గడియారం పాడైందేమోనని బాగుచేసే అతనికి చూపించింది. బాగానే ఉందన్నాడు. ఎజ్రా అబద్ధమాడతాడని మాత్రం మా ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. తెల్లవారుజామున లేచి, పంపు దగ్గర నీళ్ళు పట్టి, అందరికీ వండి, క్యారేజీ కట్టుకుని మొదటి బండికి పరుగెత్తే మనిషిని నేను. వార్డులో నా చేతి మందు ఏ రోగికీ ఆలస్యం కాలేదు. అలాంటి నేను టైము తప్పానంటే ఇంట్లో వాళ్ళే కాదు, నేనూ నమ్మాను.

నాలుగో శుక్రవారం నా డ్యూటీ అనసూయకి అప్పగించాను. అనసూయ బాపట్లలో నాతో చదువుకుంది. "అసలు సంగతేంటో ఆయన్నే అడుగు, మానేస్తానని మాత్రం అనకు," అంది. మధ్యాహ్నం నుంచీ కొట్టులో బల్ల మీద కూర్చున్నాను. నాలుగున్నరకి ఫోను మోగింది.

"ఏంటి, ఇవాళ దొరికావే!" అన్నాడు ఎజ్రా.

"అక్కడ ఇప్పుడెంతయిందండీ?"

"మూడు."

"ఇక్కడ నాలుగున్నరే. మొన్నటిదాకా మీకు మూడైతే మాకు ఐదున్నర కదా?"

అతను నవ్వాడు. "ఎండాకాలం ఇక్కడ గవర్నమెంటే గడియారాలు గంట ముందుకి తిప్పుతుంది. కువైట్‌లో తిప్పరు. అక్టోబరులో మళ్ళీ వెనక్కి."

"మీకు తెలుసా?"

"తెలియకేం? ఏప్రిల్ ఒకటినే మా వాచీలన్నీ మార్చుకున్నాం."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెప్పేదేముంది? ఇంటిపట్టున ఉండేదైతే ఎప్పుడు చేసినా ఉంటుంది. ఉంటావో లేదో చూద్దామనుకున్నా."

"మీ టైము నాలుగింటికి చేయండి. ఇక్కడ ఐదున్నరవుతుంది, అప్పటికి దిగుతాను."

"నాలుగింటికి మేం వాలీబాల్ ఆడుకుంటాం ప్రేమా. వారానికి ఒక్కటే సెలవు."

"మీకు సెలవు. నాకు డ్యూటీ."

"అందుకే మానెయ్యమంటున్నా."

"మాననండి," అన్నాను. గొంతు పెరగలేదు. వార్డులో రోగికి చెప్పినట్టే చెప్పాను. "నాకు పరీక్ష పెట్టడానికి మీ అమ్మ చేత మూడు వారాలు మాట అనిపించారు. నాలుగింటికి చేస్తే మాట్లాడతాను. లేకపోతే లేదు."

లైను తెగింది. గుడ్డలు మడత పెడుతున్న మీరాబీ గారు నా వైపు చూడకుండా, "మంచినీళ్ళు తాగమ్మా," అంది.

ఇంటికి వచ్చి అత్తగారికి ఉన్నదున్నట్టు చెప్పాను. "నాతో మాత్రం మూడింటికే అన్నాడే," అందామె. ఆ రాత్రి అన్నం తనే వడ్డించింది.

తర్వాత రెండు శుక్రవారాలు ఫోను రాలేదు. మూడో శుక్రవారం వార్డులో ఇద్దరి పని నేనొక్కదాన్నే చేసి, రైలు దిగి, కొట్టు వైపు చూడకుండా నేరుగా ఇంటికి వచ్చి చాప మీద వాలాను. కాళ్ళు లాగేస్తున్నాయి. కన్ను మూతపడిందో లేదో, అత్తగారు భుజం తట్టింది.

"అమ్మాయ్, మీరాబీ గుమ్మంలో ఉంది. వాడు లైన్లో ఉన్నాడంట. ఐదున్నరకే చేశాడు, నువ్వు చెప్పినట్టే."

లేవబోయాను. కొంగు సర్దుకోవడానికి చెయ్యి దానంతటదే వెళ్ళింది. మళ్ళీ చాప మీద వెనక్కి వాలాను.

"నిద్రపోతున్నానని చెప్పండి అత్తమ్మా. వచ్చే శుక్రవారం మాట్లాడతాను."