వెనక్కి తిరిగిన చుక్క

నా భార్య నామీద కోపంతో కన్నుమూసింది. అందుకు కారణం మా అల్లుడు. ఇది తేలిపోయిన సంగతి. కొందరు ఒప్పుకోరు. వాళ్ళు ఒప్పుకోనంత మాత్రాన జరిగింది జరగకుండా పోదు.

నేను బాయిలర్ మేస్త్రీని. ఫ్యాక్టరీల్లో బాయిలర్లు చెడిపోతే మా కంపెనీ నన్నూ ఇద్దరు వెల్డర్లనూ పంపుతుంది. దగ్గరైతే వ్యానులో, దూరమైతే రైల్లో. పెళ్ళయిన నాటి నుంచీ ఇదే బతుకు. కాలికి బలపం కట్టుకుని తిరిగేవాడికి పిల్లనెందుకిచ్చావని మా అత్తగారు పోయేదాకా మావగారిని సాధించింది. నెలలో సగం రోజులు లాడ్జి మంచాల మీదే గడుస్తాయి. ఏ ఊళ్ళోనైనా ఆ మంచాలకు మధ్యలో గుంట ఉంటుంది. ఎవరి నడుమో తవ్విన గుంటలో మన నడుము పెట్టుకుని పడుకోవాలి.

మా అల్లుడు కూడా తిరిగే మనిషే. ఆసుపత్రులకు యంత్రాలు అమ్మే కంపెనీలో పని. బూటు మీద దుమ్ము పడకుండా తిరుగుతాడు, అంతే తేడా. ఒక సెలవు రోజున భోజనాలయ్యాక నా ఫోను చేతిలోకి తీసుకుని, ఇంత తిరిగే మనిషి అయ్యుండి ఫోనును గడియారంలా వాడుతున్నారేమిటని నవ్వాడు. సాయంత్రం దాకా కూర్చుని ఒక్కొక్క యాపే ఎక్కించాడు. రైలు ఎక్కడిదాకా వచ్చిందో చెప్పేది ఒకటి. దిగాల్సిన స్టేషను రాకముందే నిద్ర లేపేది ఒకటి. నెట్ లేకపోయినా దారి చూపేది, లాడ్జి గదుల ఫొటోలు చూపేది, కారు పిలిచేది, మన మాటను ఎదుటివాడి భాషలోకి మార్చి పలికేది. నాకు అరచేతిలో వైకుంఠం చూపించాడు.

ఉన్నమాట చెప్పాలి. కొన్ని పనికొచ్చాయి. రైలు ఆలస్యమని ముందే తెలిస్తే ప్లాట్‌ఫారం మీద పడిగాపులు పడే పని తప్పేది. నిద్ర లేపే యాప్ లేనప్పుడు ఎన్నోసార్లు దిగాల్సిన ఊరు దాటిపోయి, వచ్చే బండి ఎక్కి తిరిగి వచ్చాను. గదుల ఫొటోల్లో మాత్రం కిటికీ కనిపిస్తుంది గానీ, దాన్ని తెరిస్తే పక్కింటి గోడ తగులుతుందని ఎవరూ చెప్పరు. ఒక ఊళ్ళో వేడినీళ్ళు కావాలని ఫోను చేత చెప్పిస్తే లాడ్జివాడు ఇస్త్రీ పెట్టె తెచ్చి ఇచ్చాడు. అదీ వేడిదే కదా అని చొక్కా ఇస్త్రీ చేసుకుని, చన్నీళ్ళు పోసుకుని పనికి పోయాను.

అన్నిటికన్నా చివర ఎక్కించింది వేరు. అది నా ఫోనులోనూ పెట్టాడు, మా ఆవిడ ఫోనులోనూ పెట్టాడు. మ్యాపు మీద నేను ఒక నీలం చుక్కనై కనిపిస్తాను. నేను కదిలితే చుక్క కదులుతుంది.

"అత్తయ్యా, ఇక మావయ్య ఎక్కడున్నారో మీరు అడగక్కర్లేదు. చూస్తే చాలు. మనిషి అబద్ధం చెబుతాడేమో గానీ ఇది చెప్పదు" అన్నాడు.

"అయితే ఈయనకన్నా ఇదే నయం" అంది మా ఆవిడ.

ఆమెకు అది బాగా అలవాటైంది. పొద్దున్నే ఫోను తీసి చుక్క ఎక్కడుందో చూసేది. కూరలు తరుగుతూ ఫోనును నీళ్ళ బిందెకు ఆనించి పెట్టుకునేదని మా అమ్మాయి చెప్పేది. నేను నది దాటుతుంటే ఆ నీళ్ళలో ఉన్నట్టు కనిపించానని కంగారుపడి ఫోన్ చేసింది ఒకసారి. వంతెన మీద బస్సులో ఉన్నానంటే, మరి వంతెన గీయలేదేమని మ్యాపును తిట్టింది. ఇంటికి వచ్చినప్పుడు ఆ మలుపులో ఎందుకు ఆగారు, ఆ ఊళ్ళో రెండు రోజులెందుకు పట్టిందని నిలదీసేది. నేను మరిచిపోయిన ఊళ్ళు ఆమెకు గుర్తుండేవి.

కానీ ఒక తేడా వచ్చింది. అంతకుముందు రోజూ సాయంత్రం ఫోన్ చేసి ఎక్కడున్నారని అడిగేది. ఆ ఒక్క మాటతో మొదలై ఇంటి సంగతులన్నీ వచ్చేవి. చుక్క వచ్చాక అడగడం మానేసింది. కనిపిస్తున్నారుగా, ఇంకేం అడగను అనేది. మా ఇద్దరి మధ్యా ఉన్న మాటలను ఆ యాప్ తినేసింది. అల్లుడికి ఇది చెబితే మావయ్య చాదస్తం అని నవ్వాడు.

తరవాత ఆమెకు గుండె బలహీనపడింది. రెండడుగులు వేస్తే ఆయాసం. డాక్టరు మందులిచ్చి, జాగ్రత్తగా చూసుకోండి, ఎప్పుడేమవుతుందో చెప్పలేం అన్నాడు. అమ్మాయీ అల్లుడూ మా ఇంటికే వచ్చి ఉన్నారు. నేను నెల రోజులు పనికి పోలేదు. తరవాత ద్రావకాల ఫ్యాక్టరీలో బాయిలర్ ఆగిపోయిందని కంపెనీ కబురు పెట్టింది. ఆ బాయిలర్ నేను నిలబెట్టిందే. వెళ్ళనన్నాను. వెళ్ళమని ఆమే అంది.

"నా ఎదురుగా కూర్చుని నన్ను చూసి నిట్టూరుస్తుంటే నాకే ఆయాసం వస్తోంది. వెళ్ళి ఆ బాయిలర్‌ను చూడండి" అంది. వ్యాను ఎక్కబోతుంటే వెనక్కి పిలిచింది. "ఒక్కటే మాట. నేను పోయేటప్పుడు మాత్రం ఎక్కడో గొట్టాల్లో దూరి ఉండకండి. నా పక్కనుండాలి."

ఉంటానన్నాను. పెళ్ళయ్యాక ఆమె నన్ను అడిగింది ఆ ఒక్కటే. చీరలు, నగలు అడిగే మనిషి కాదు.

అందుకే బయలుదేరే ముందు అల్లుణ్ణి పక్కకు పిలిచి చెప్పాను. ఆ ఫ్యాక్టరీలోకి ఫోన్లు పోనివ్వరు. ఫోనులో నిప్పురవ్వ పుడితే ఆ ద్రావకాల ఆవిరికి గాలే అంటుకుంటుంది. నా ఫోను నా దగ్గర ఉండదు, ఏ చిన్న తేడా వచ్చినా గేటుకు ఫోన్ చెయ్యి, గేటువాడు లోపలికొచ్చి చెబుతాడు. ఆ నంబరు అతని ఫోనులో నేనే దగ్గరుండి ఎక్కించాను. అలాగే మావయ్యా అన్నాడు.

ఇలాంటి చోట్ల మా మనుషులకు ఒక పద్ధతి ఉంది. గేటు దగ్గర ఎవరూ ఫోన్లు వదలరు. అక్కడి బీరువాలో పెట్టి పోతే తిరిగి తీసుకోవడానికి వరసలో నిలబడాలి. అందుకని అందరి ఫోన్లూ ఒక రేకు డబ్బాలో వేసి మా వ్యాను డ్రైవరు చేతికి ఇస్తాం. మధ్యాహ్నం బయటికి వచ్చినప్పుడు తీసుకుని ఇళ్ళకు మాట్లాడుకుంటాం. డ్రైవరు మాత్రం ఎవరి ఫోనూ ఎత్తడు. ఒకప్పుడు ఎత్తేవాడు. ఒకసారి పెద్ద వెల్డరు భార్య చేస్తే ఎత్తి, అన్నయ్య లాడ్జిలో పడుకున్నాడమ్మా అన్నాడు. ఆ వెల్డరేమో ఇంట్లో రాత్రింబగళ్ళు పనని చెప్పి మేనకోడలి పెళ్ళి ఎగ్గొట్టాడు. ఆ గొడవ చల్లారడానికి ఆరు నెలలు పట్టింది. అప్పటినుంచి డబ్బాలో ఏ ఫోను మోగినా మోగనివ్వడమే.

రెండోరోజు పొద్దున బాయిలర్ మూత విప్పితే లోపల ఆవిరి కారకుండా అతుకుల్లో వేసే గాస్కెట్లన్నీ బిరుసెక్కి పొడి అయిపోయి ఉన్నాయి. కొత్తవి మా కంపెనీ గోడౌనులో ఉన్నాయి. గోడౌను మా ఊళ్ళోనే, మా ఇంటికి అవతలి వైపు. వెళ్ళి తెమ్మని డ్రైవరుకు చెప్పాను. వాడు వెళ్ళాడు. డబ్బా వాడి సీటు పక్కన ఉంది. ఫోన్లు తీసుకోవాలని మాలో ఎవరికీ తోచలేదు. ఎలాగూ లోపలికి తీసుకుపోకూడదు. నేను బాయిలర్‌లోకి దూరాను.

ఆ తరవాత మా ఇంట్లో జరిగింది నాకు అమ్మాయి చెప్పింది. దహనం అయ్యాక, గోడకు ఆనుకుని కూర్చుని చెప్పింది.

పొద్దున పదింటికి వాళ్ళమ్మకు ఆయాసం ఎక్కువైంది. పెదాలు నల్లబడ్డాయి. డాక్టరు ఇంటికి వచ్చి చూసి, కదిలించవద్దు, మనుషులను పిలిపించుకోండి అన్నాడు. అమ్మాయి నా ఫోనుకు చేసింది. మోగింది, ఎవరూ ఎత్తలేదు. గేటుకు చెయ్యమని మొగుడికి చెప్పింది. అతను గేటుకు చెయ్యలేదు. వాళ్ళత్త ఫోను తీసి చుక్కను చూశాడు. చుక్క ఫ్యాక్టరీ దగ్గర లేదు. మా ఊరి దారిలో ఉంది, కదులుతోంది.

ఫోను కదిలిందంటే నేను తీసుకుని బయలుదేరినట్టే అనుకున్నాడట. ఎవరో నాకు కబురు చేసి ఉంటారనుకున్నాడట. ఎవరు చేస్తారు? ఆ ఇంట్లో ఉన్నది వాళ్ళిద్దరే. అది ఆలోచించలేదు. వెళ్ళి మంచం పక్కన కూర్చుని ఫోను ఆమె కళ్ళ ముందు పెట్టాడు.

"అత్తయ్యా, మావయ్య వస్తున్నారు. ఇదిగో చూడండి."

ఆమె చూసింది. ముఖం తేటపడిందని అమ్మాయి అంది. దిండ్లు పెట్టి కూర్చోబెట్టమంది. తల దువ్వమంది. నాకు కాఫీ ఎక్కువ చక్కెరతో కలిపి పెట్టమంది. డాక్టరు నాకు చక్కెర తగ్గించమని చెప్పి ఏడాదయింది. ఆ ఒక్కరోజుకు ఫరవాలేదందట.

చుక్క ఊళ్ళోకి వచ్చింది. పెద్ద రోడ్డు దాటింది. మా వీధి వైపు తిరగకుండా అవతలికి పోయి ఆగింది. మందులు కొంటున్నారేమో అన్నాడు అల్లుడు. ఆమె కళ్ళు ఆర్పకుండా చూసింది. గాస్కెట్లు వెతికి వ్యానులో వేయడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ అలాగే చూసింది. తరవాత చుక్క కదిలింది. వచ్చిన దారినే వెనక్కి పోయింది.

అప్పుడు అల్లుడు యాప్ మూసి మళ్ళీ తెరిచాడు. యాప్‌లో ఏదో లోపం ఉందన్నాడు. అబద్ధం చెప్పదన్నది అతనే. లోపం ఉందన్నదీ అతనే. ఆమె మొదటి మాటనే నమ్మింది.

"ఊళ్ళోకి వచ్చి కూడా నన్ను చూడకుండా వెళ్ళిపోయారా" అంది.

ఫోను తీసెయ్యమంది. దిండ్లు తీసెయ్యమంది. గోడ వైపు తిరిగి పడుకుంది.

గేటుకు ఫోన్ చేయాలని అల్లుడికి గుర్తొచ్చింది అప్పుడు. గేటువాడు పరుగెత్తుకొచ్చి బాయిలర్ రేకు మీద కొడితే నేను బయటికి వచ్చాను. ఒంటినిండా మసి. మా వ్యాను లేదు. ఫ్యాక్టరీ లారీ ఒకటి బయలుదేరుతుంటే ముందు ఎక్కాను. దారిలో మా వ్యాను ఎదురుపడి వెళ్ళిపోవడం చూశాను. డ్రైవరు నన్ను చూడలేదు. ఇంటికి చేరేసరికి ఆమె ముఖం మీద గుడ్డ కప్పారు. స్టవ్ మీద కాఫీ చల్లారి మీగడ కట్టి ఉంది.

డ్రైవరు మర్నాడు డబ్బా తెచ్చి నా ముందు పెట్టి నిలబడ్డాడు. దారి పొడుగునా మోగుతూనే ఉంది మేస్త్రీ, పద్ధతి ప్రకారం ఎత్తలేదు అన్నాడు. వాడి తప్పు లేదు. వాడు పద్ధతి ప్రకారం చేశాడు.

అల్లుడికి తెలియదంటారు. డబ్బా సంగతి అతనికెలా తెలుస్తుందని మా చెల్లెలు అడిగింది. తెలియనప్పుడు తెలిసినట్టు చెప్పకూడదు. వస్తున్నాడని చెప్పకపోయి ఉంటే ఆమె ఎదురు చూసి పోయేది. ఎదురు చూసి పోవడం వేరు. వచ్చి వెళ్ళిపోయాడనుకుని పోవడం వేరు. ఈ రెంటికీ తేడా తెలియనివాళ్ళు నాకు నీతులు చెప్పనక్కర్లేదు.

అతను ఒకసారి వచ్చాడు. బూట్లు వీధిలోనే విప్పి, కుర్చీలో కూర్చోకుండా నేల మీద కూర్చున్నాడు.

"ధైర్యం చెబుదామనే చూపించాను మావయ్యా. ఆవిడ అంత సంతోషంగా ఉంటే మధ్యలో లేచి ఫోన్ చేయబుద్ధి కాలేదు."

"నీకు ఎందుకు బుద్ధి కాలేదో నాకక్కర్లేదు. చెయ్యమన్నాను. చెయ్యలేదు."

లేచి వెళ్ళాడు.

నేను పనికి పోతూనే ఉన్నాను. రైలు యాప్ ఉంది, నిద్ర లేపేది ఉంది. తిరిగేవాడికి అవి కావాలి. చుక్కది తీసేశాను. ఎక్కడున్నావో తెలియడం లేదు నాన్నా అని అమ్మాయి అంటే, తెలియాలంటే ఫోన్ చేసి అడుగు అన్నాను. అడుగుతోంది. రోజూ సాయంత్రం చేస్తుంది. మొగుడి ప్రస్తావన తెస్తే మాత్రం పెట్టేస్తాను.

మొన్న పెట్టేయలేకపోయాను. స్వయంగా వచ్చి కూర్చుంది. అతను సరిగా తినడం లేదంది, పని మానేస్తానంటున్నాడంది. తరవాత తల వంచుకుని కొత్త మాట ఒకటి చెప్పింది.

"అమ్మ ఆఖర్లో ఇంకో మాట అంది నాన్నా. పనిమీద వచ్చి ఉంటారులే, పాపం అంది. గోడ వైపు తిరిగాక అంది. నేను విన్నాను."

"నువ్వొక్కదానివే విన్నావా?"

"నేనొక్కదాన్నే."

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. చిన్నప్పుడు కూడా అబద్ధమాడితే గౌను అంచు అలాగే చుట్టుకునేది. నిజం చెప్పి భయపడినా అలాగే చుట్టుకునేది. ఇది రెంటిలో ఏదో నాకు తెలియలేదు. వాళ్ళమ్మ ఉంటే చెప్పేది.

మొగుడి కోసం పుట్టించిన మాట అయితే వినను. నిజంగా ఆమె అన్న మాటే అయితే, అది నాతో అనవలసిన మాట. ఇంకొకరి నోటి మీదుగా నాకక్కర్లేదు. అమ్మాయికి అన్నం పెట్టాను. తిన్నాక బస్సు దాకా వెళ్ళి ఎక్కించాను.

అందరూ అడుగుతున్నారని ఇదంతా రాశాను. చదివినవాళ్ళు వాళ్ళకు తోచింది అనుకోవచ్చు. అల్లుడు వచ్చినా, అమ్మాయి వచ్చినా, పెద్దమనుషులను వెంటబెట్టుకుని వచ్చినా ఇక ఈ విషయం నేను మాట్లాడను.