గొడవ లేని ఊరు

అల్లవరం దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఆ ఊళ్ళో ఎవరూ ఎవరితోనూ పోట్లాడరు. రోడ్డుకి ఈ పక్క ఒక పార్టీవారి టీ కొట్టు, ఆ పక్క రెండో పార్టీవారి టీ కొట్టు. పొద్దున్నే ఇటువాళ్ళు ఇటు, అటువాళ్ళు అటు కూర్చుంటారు. ఎదురుపడితే "బాగున్నారాండి?" అని ఒకరంటే "ఆయ్, బాగున్నామండి" అని ఇంకొకరంటారు. అక్కడితో సరి. పెళ్ళికి శుభలేఖ వెళ్తుంది, మనిషి మాత్రం రాడు. పైనుంచి చూసేవారికి ఎంత మర్యాదగల ఊరో అనిపిస్తుంది. ఆ మర్యాద కింద ఎన్ని చేలు మునిగిపోయాయో సత్యవేణిని అడగాలి.

సత్యవేణికీ భర్త అప్పలరాజుకీ ఉన్నది రెండెకరాల పల్లపు చేను. మూడేళ్ళుగా వానాకాలం సార్వా ఊడ్పులు కావడం, వాన పట్టుకోవడం, నాట్లు నీళ్ళలో కుళ్ళిపోవడం. నీరు పోవలసిన మురుగు కాలవ గుర్రపుడెక్కతో పూడిపోయింది. దిగువన నాగదుర్గాప్రసాద్ రొయ్యల చెరువు గట్టు పెరిగి పెరిగి కాలవని సగం మింగేసింది. ప్రసాద్ అవతలి పార్టీ మనిషి. అందుచేత అప్పలరాజు ఆ సంగతి అధికారులకు అర్జీ పెట్టుకున్నాడు, తన పార్టీ పెద్దలకు మొరపెట్టుకున్నాడు, ప్రసాద్‌కి మాత్రం చెప్పలేదు.

"ఈ ఏడు చేను బీడు పెట్టేద్దామే" అన్నాడు చివరికి.

సత్యవేణికి ఒళ్ళు మండింది. "చేను బీడు పెడతారు గాని నోరు తెరవరన్నమాట! నారుకి ఆకుమడి నేను పోయిస్తానండి. ఆ నీళ్ళెలా పోవో చూస్తాను."

ఆ రోజుల్లోనే మండలాఫీసువారు 'ఊరి మాట' అని ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. ఏ పార్టీవారైనా సరే, ఇష్టమున్నవారే రావాలి. కండువాలు వేసుకోకూడదు, వీడియోలు తీయకూడదు. కూర్చోవడానికి బడిలో గది, తాగడానికి టీ, మాట నడిపించడానికి ఒక మనిషి, ఈ మూడూ ప్రభుత్వానివి. ఊళ్ళో ఏ అరుగు మీద కూర్చున్నా అది ఎవరో ఒకరి పార్టీ అరుగే గనక, బడి గది మంచి ఎంపికే. నడిపించే మనిషి కూడా తగినవారే. రిటైరైన హెడ్మాస్టరు దానియేలు గారి బెత్తం రుచి చూడని మగవాడు రెండు పార్టీల్లోనూ లేడు.

మొదటి ఆదివారం గది నిండిపోయింది. దానియేలు గారు మురుగు కాలవ సంగతి కదిపారు.

"మీరెలాగంటే అలాగేనండి" అన్నారు ఇటువాళ్ళు.

"ఆయ్, తమరన్నదే సబబండి" అన్నారు అటువాళ్ళు.

పకోడీలు అయిపోయాయి, సభా అయిపోయింది. మండలాఫీసు నుంచి వచ్చిన గుమాస్తా ఈ ఊళ్ళో అసలు విభేదాలే లేవని పైవారికి చెప్పి, కార్యక్రమాన్ని గొడవలున్న ఊరికి మార్పించేశాడు.

ఆ కబురు తెలిసిన పూటే సత్యవేణి ఆటో ఎక్కి అల్లవరం వెళ్ళి ఎంపీడీవో గారి ముందు నిలబడింది.

"మా ఊళ్ళో గొడవ లేదన్నది నిజవేనండి. గొడవ పడ్డానికైనా మాటలుండాలి కదండీ, అవి కూడా లేవు. మాకు ఇంకో ఆదివారం ఇప్పించండి."

ఆయన ఆలోచించారు. "సరేనమ్మా. ఈసారి ఇంటికొకరు తప్పనిసరిగా రావాలని ఉత్తర్వు ఇస్తాను."

"అంత పని చేయకండి సార్! ఉత్తర్వుకి వచ్చినోళ్ళు తలూపి పోతారు. మీరు గది తాళం తీయించండి చాలు, రావలసినోళ్ళని నేను పిలుచుకుంటాను."

అక్కడినుంచి తిన్నగా ప్రసాద్ చెరువు గట్టుకి వెళ్ళింది. ఆ గట్టెక్కడం ఆమెకదే మొదలు.

"ప్రసాదుగారూ, ఆదివారం బడికి రండి. మిమ్మల్ని తిట్టాలి."

ప్రసాద్ తెల్లబోయాడు. మూడేళ్ళలో అవతలివాళ్ళు అతనితో చెప్పిన మొదటి నిజం అది. ఏమనుకున్నాడో, వచ్చాడు.

ఆ ఆదివారం గదిలో గుప్పెడుమందే ఉన్నారు. మురుగు కాలవల ఇంజనీరు ఏఈ గారు ఒక మూల కూర్చున్నారు. అప్పలరాజు లోపలికి రాలేక, ఇంటికి పోలేక వరండాలో నిలబడ్డాడు.

సత్యవేణి అన్నట్టే తిట్టింది. కుళ్ళిన నాట్ల గురించి చెబుతూ ఏడ్చింది కూడా. ప్రసాద్ మొహం కందగడ్డలా అయింది.

"నా గట్టే కనపడిందా వదినగారూ? మూడేళ్ళ కిందట వాన రోజున మీవైపు వాళ్ళు నా గట్టు కొట్టేసేరు. రొయ్యపిల్లంతా కాలవపాలైపోయింది. ఆ ఏడు మా ఇంట్లో పొయ్యెలా వెలిగిందో ఒక్కరడిగేరా? అందుకే గట్టు పెంచేను!"

"అది మేం కాదు..." అని సత్యవేణి లేవబోయింది.

"ఆగమ్మా" అన్నారు దానియేలు గారు. "ముందు ఆయన చెప్పింది నీ నోటితో ఆయనకి అప్పజెప్పు. ఆయన అవునన్నాక నీ మాట చెప్పు."

సత్యవేణి మొదలుపెట్టింది. రొయ్యపిల్ల పోయిన సంగతి తన నోటితో చెప్పేసరికి కోపం జారిపోయింది. తర్వాత ప్రసాద్ వంతు వచ్చింది. "వదినగారి చేను మూడేళ్ళుగా మునుగుతోంది... నా గట్టు వల్ల" అని తల దించుకున్నాడు.

అప్పుడు అప్పలరాజు లోపలికి వచ్చాడు. "గట్టు కొట్టింది మావాళ్ళే ప్రసాదూ. నాకప్పుడే తెలుసు. పార్టీ పరువని నోరు మూసుక్కూచున్నాను."

ఆ తర్వాత మొదలైన మాటలు మధ్యాహ్నం దాకా ఆగలేదు, అరుపులు వీధిలోకి వినిపించాయి. ఏఈ గారు కాలవ అసలు వెడల్పు చెప్పారు. ప్రసాద్ గట్టు వెనక్కి జరపడానికి ఒప్పుకున్నాడు. జరిపేటప్పుడు చెరువుకి కాపలాగా రెండు పార్టీలవాళ్ళూ ఉంటామన్నారు. గుర్రపుడెక్క తీయడానికి యంత్రం తెప్పిస్తానన్నారు ఏఈ గారు.

సాయంత్రానికల్లా రెండు టీ కొట్లలోనూ గుసగుసలు. పార్టీని తాకట్టు పెట్టేశారని అప్పలరాజు మీదా, ప్రసాద్ మీదా ఎవరి పార్టీవాళ్ళు వాళ్ళే దుమ్మెత్తిపోశారు. సత్యవేణి లెక్కచేయలేదు. తెల్లారి కూలీలని పిలిచి ఆకుమడి దున్నించింది.

తర్వాతి ఆదివారం గది సరిపోలేదు. దానియేలు గారు లేచి నిలబడ్డారు.

"మీరెవరూ పార్టీ మారనక్కర్లేదండి. ప్రభుత్వం గది తాళం తీయగలదు గాని మీ నోటి తాళం తీయలేదు. అది మీరే తీసుకోవాలి. ఒక్కటి గుర్తుంచుకోండి. ఓటు గుట్టుగా వేసుకోవలసిందే గాని, ఊరి కష్టాన్ని గుట్టుగా దాచుకోకూడదు."