ఆకురాయి అరగదీసిన టైరు

నేను ఒక బొడిపెల టైరును. మోటారుసైకిలు వెనక చక్రం కోసం పుట్టినదాన్ని. బండిని ముందుకు తోసేది నేనే కాబట్టి ముందు అరిగేదీ నేనే. అరగడం మా జాతికి అవమానం కాదు. మాకున్న భాష అదొక్కటే. ఏ దారిలో నడిచామో, ఎవరు ఎక్కడ ధైర్యంగా వంగారో, ఎవరు మలుపు చూసి బిగుసుకుపోయారో, అంతా మా ఒంటి మీద రాసి ఉంటుంది. నా దురదృష్టం ఏమిటంటే, నా ఒంటి మీద రాత నాది కాదు.

రబ్బరు పాలు, మసి, గంధకం, దారాల పొరలు, ఇనప తీగలు కలిపి నన్ను అచ్చులో వేసి ఉడికించారు. అచ్చులో గాలి పోవడానికి సన్నని రంధ్రాలు ఉంటాయి. వాటిలోకి పాకిన రబ్బరు సన్నని వెంట్రుకల్లా మొలుస్తుంది. కొత్త టైరును ముట్టుకుంటే అవి పసిబిడ్డ నూగులా చేతికి తగులుతాయి. రోడ్డుకు తగిలే చోట మొదటి రోజే రాలిపోతాయి. బొడిపెల మధ్య లోతుల్లో ఉన్నవి మాత్రం రాళ్ళు, మట్టి ఒరిపిడి తగిలితే తప్ప పోవు.

గాజువాకలో సన్యాసిరావు టైర్ల కొట్టులో గోడకు వేలాడుతుండగా జగదీశ్ వచ్చాడు. ప్రమాదాల్లో దెబ్బతిన్న వాహనాలను చూసి, యజమాని చెప్పేది నిజమో కాదో తేల్చే బీమా సర్వేయరు అతను. గీత చూసి అది గోడ గీరిందో గోరు గీరిందో చెప్పగలడు. ఎత్తుగా, దుక్కలా ఉన్న అడ్వెంచర్ బైకును గుమ్మంలో ఆపి లోపలికి వచ్చాడు.

"ఎక్కడెక్కడ తిరుగుతారు బాబూ?" అని అడిగాడు సన్యాసిరావు.

"ఏజెన్సీ కొండలు. చింతపల్లి లోపలి దారులు."

"నెలకెన్నిసార్లు?"

"రెండు, మూడు."

సన్యాసిరావు వంగి బండికున్న పాత టైరును బొటనవేలితో తడిమాడు. దాని మీద రాయి కొరికిన గాటు ఒక్కటీ లేదు. "డాక్టరు దగ్గరా, టైర్ల కొట్లోనూ అబద్దం ఆడకూడదు బాబూ. మందు మారిపోద్ది," అన్నాడు నవ్వుతూ.

తరవాత మూడు టైర్లు దించాడు. "ఇది తారురోడ్డు మనిషికి. ఇదేమో బురద మనిషికి. బొడిపెలు దూరదూరంగా ఉన్నాయి సూడండి, మట్టి నిలవదు. కానీ రోడ్డెక్కితే మీ పళ్ళు కదిలిపోతాయి, తొందరగా అరిగిపోద్ది. ఇది మధ్యరకం. కంకర, పొడిమట్టి, నీళ్ళెండిన గెడ్డ, అన్నింట్లో లాగీస్తాది. జిగురు బురదలో మాత్రం సందుల్లో మట్టి పట్టీసి అప్పడంలా నున్నగైపోద్ది. నా మాట ఇంటే మీకు మొదటిది సాలు."

మధ్యరకం నేను. నా గురించి అంత నిజం మళ్ళీ ఎవరూ చెప్పలేదు. జగదీశ్ దూరం నుంచి ఓసారి, పక్క నుంచి ఓసారి నన్ను చూశాడు. అతను చూసింది నన్ను కాదని నాకు తరవాత అర్థమైంది. నన్ను తగిలించుకున్న తనను చూసుకున్నాడు. "ఇదే బిగించండి," అన్నాడు.

నేను పొంగిపోయాను. ఎవరైనా మనల్ని ఎంచుకున్నారంటే మనలో ఉన్నదాన్ని చూసే ఎంచుకున్నారనుకుంటాం. కంకర గురించి, ఎండిన గెడ్డల గురించి కలలు కన్నాను. ఆరు నెలలు ఆఫీసుకు వెళ్ళాను. సిగ్నల్ దగ్గర ఆగడం, కదలడం, సెల్లారులో స్తంభం పక్కన నిలబడటం. నా నడుం మధ్య బొడిపెలు కొద్దికొద్దిగా, మర్యాదగా అరిగాయి. పక్క బొడిపెలు పుట్టినప్పటిలాగే ఉన్నాయి.

ఒక జూన్ ఉదయం మాత్రం అతను నిజంగానే బయలుదేరాడు. చింతపల్లి దాటి, తారు ఆగిపోయి కంకర మొదలయ్యే చోటు దాకా వచ్చాడు. అక్కడ ఆపాడు. ఇంజను ఆడుతూనే ఉంది. కాలు కింద పెట్టాడు. బ్రేకును ఎంత గట్టిగా తొక్కిపట్టాడో నాకు తెలుస్తూనే ఉంది. ఎవరూ చూడటం లేదు. పది నిమిషాలు అలా ఉండి బండి తిప్పుకున్నాడు. ఆ క్షణంలో నాకు అతని మీద కోపం రాలేదు. భయం అరుగుదల లాంటిదే, దాచకపోతే తప్పు లేదు.

కానీ మరుసటి ఆదివారం ఋషికొండ టీ బడ్డీ దగ్గర దాచాడు. ప్రతి ఆదివారం పొద్దున్న అరడజను మంది బండ్లతో అక్కడ చేరతారు. వాళ్ళకు ఒక ఆనవాయితీ ఉంది. ఎవరైనా ఏ దారి గురించైనా చెబితే మిగతావాళ్ళు ముందు గొంతుక్కూచుని వాళ్ళ టైరు చూస్తారు. స్టీలు ప్లాంటులో రిటైరైన మూర్తిరాజు వాళ్ళందరికీ పెద్ద.

"చింతపల్లి అవతల దబ్బగరువు వాలు ఎక్కేశాను. పూర్తి బురదలో," అన్నాడు జగదీశ్.

"పకోడీ నోట్లో ఉండగా ఎన్ని కబుర్లైనా వస్తాయిరా జగ్గూ. ఏదీ, టైరు సూపించు!"

"సర్వీసింగులో ఉంది. ఇవాళ కారులో వచ్చాను."

"వచ్చే వారం తే. మొన్న సూసినప్పుడు నీ టైరు కంటే మా ఆవిడ చపాతీల కర్ర ఎక్కువ అరిగుంది!"

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడట. ఇవన్నీ అతను ఫోనులో ఎవరికో చెబుతుంటే సెల్లారులో విన్నాను. ఫోను పెట్టేశాక అతని ముఖంలో ఆ నవ్వు లేదు.

ఆ మధ్యాహ్నమే ఆకురాయి తెచ్చాడు. బండిని స్టాండు మీద ఎత్తి, పీట వేసుకుని నా ముందు కూర్చున్నాడు. వెనక టైరు బొడిపెలకు తోసే అంచు ముందు గుండ్రపడుతుందని అతనికి తెలుసు. మొనదేలిన నా అంచుల్ని ఒక్కొక్కటే ఆకురాయితో రుద్దాడు. తొందరపడలేదు. ఒక్కో బొడిపెను ఒక్కోలా అరగదీశాడు, ఎందుకంటే నిజమైన అరుగుదల ఎప్పుడూ ఒకేలా ఉండదు. రోజంతా ఇతరుల అబద్ధాలు పట్టుకునే మనిషికి అబద్ధం ఎలా కట్టాలో ఎంత బాగా తెలుసో ఆ రోజు చూశాను. పక్క వీధిలో కడుతున్న ఇంటి దగ్గర్నుంచి ఎర్రమట్టి తెచ్చి, మగ్గులో కలిపి నాకు పూశాడు. చాలా ప్రేమగా పూశాడు. కొన్న రోజు నుంచి నన్ను అంతసేపు తాకడం అదే మొదలు.

రాయి మీద నడవడానికి ఉంచిన అంచులు అవి. వాటిని నేను ఒక్కసారీ వాడలేదు.

తరవాతి ఆదివారం మూర్తిరాజు గొంతుక్కూచుని నన్ను చూసి, లేచి జగదీశ్ భుజం తట్టాడు. "తప్పైపోయిందిరా. మగాడివే." ఆ మెప్పు జగదీశ్‌ని నిలువునా తడిపేయడం నాకు తెలిసింది. అది అక్కడితో ఆగి ఉంటే ఇది హాస్యకథ అయ్యేది.

ఆ రోజు ఎస్తేరు వచ్చింది. చింతపల్లి వైపు పశువైద్యురాలు. సరదాకు తిరిగే మనిషి కాదు. వానలు ముదరకముందే కొండ మీది ఊళ్ళలో పశువులకు గొంతువాపు టీకాలు వేయాలి. ఐసు పెట్టెను బండికి కట్టుకుని తనే వెళ్తుంది. ఆలస్యమైతే పశువులు చచ్చిపోతాయి. పాత టైరు అరిగిపోయింది, ఏది వేయించాలో తెలుసుకుందామని వచ్చింది.

"దబ్బగరువు వాలు ఎక్కిన బండి ఇదేనాండీ?"

"ఇదే. చక్కగా పట్టుకుంది డాక్టర్ గారూ. జిగురుమట్టి అయినా సరే," అన్నాడు జగదీశ్.

"మనుషులు చెప్పేది నాకొద్దండీ, ఏమనుకోకండి. పశువు నోటితో చెప్పదు కదా, గిట్ట చూసి తెలుసుకుంటాం. నేను టైరునే చూస్తాను."

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని నా అంచుల్ని తడిమింది. అంత శ్రద్ధగా నన్ను చదివిన మనిషి మరొకరు లేరు. చదివినదంతా అబద్ధం. నాకు నోరు లేదు. ఉన్న ఒక్క భాషలో అప్పటికే నా చేత మాట్లాడించేశారు.

"ఇదే రకం వేయించుకుంటాను," అని లేచింది.

మూడు వారాలకు కబురు వచ్చింది. దబ్బగరువు వాలులో ఆమె బండి జారింది. భుజం ఎముక విరిగింది. ఐసు పెట్టె పగిలి టీకాలు పాడైపోయాయి. టీ బడ్డీ దగ్గర అందరూ జగదీశ్ వైపు చూశారు. ఇప్పుడైనా చెబుతాడని నేను ఎదురుచూశాను.

"టైర్లో గాలి తగ్గించుకుని ఉండదు. బురదలో బ్రేకు తొక్కి ఉంటుంది. టైరుదేం లేదు, నేను ఎక్కాను కదా," అన్నాడు.

ఒక మనిషి తన భయాన్ని దాచుకోవడానికి అబద్ధమాడితే జాలి పడగలను. దాన్ని నిలబెట్టుకోవడానికి దెబ్బతిన్న మనిషి మీద తప్పు నెట్టినప్పుడు నాలో ఏదో గట్టిపడింది. ఇంకో ఘోరం ఏమిటంటే, ఆమె ఆ మాట నమ్మింది. ఫోనులో మూర్తిరాజుతో, "నేనే బ్రేకు తొక్కి ఉంటానండీ, గుర్తులేదు," అందట. తన చేతుల కంటే నా అంచుల్నే ఎక్కువ నమ్మింది.

ఆగస్టులో చేతికి కట్టుతో వచ్చింది. ముఖం వాడిపోయి ఉంది. టీ వద్దని తిన్నగా నా దగ్గరికి వచ్చి కూర్చుంది. ఈసారి అంచుల్ని తడమలేదు. బొడిపెల మధ్య లోతులోకి వేలు పెట్టింది. అక్కడ ఇంకా ఫ్యాక్టరీ నిగనిగ ఉంది. రబ్బరు వెంట్రుక ఒకటి వేలికి తగిలింది. దాన్ని తుంచి, అరచేతిలో చూసుకుని, లేచింది. గొంతు మామూలుగానే ఉంది.

"మిగతా ఊళ్ళకు మా వాళ్ళు నడిచి వెళ్ళి టీకాలు వేశారండీ. దబ్బగరువు ఒక్కటే మిగిలింది. ఈలోగా నాలుగు దుక్కిటెడ్లు పోయాయి అక్కడ. నేను బండి నడపలేను. వచ్చే ఆదివారం మీరు తీసుకెళ్తారా జగదీశ్ గారూ? మీకు అలవాటైన దారే కదా."

అరడజను మంది చూస్తున్నారు. "తప్పకుండా," అన్నాడు.

ఆ వారమంతా అతను రోజూ సెల్లారులో నా ముందు నిలబడ్డాడు. సన్యాసిరావు కొట్టులో బురద టైరు ఉంది. అరగంట పని. కానీ నన్ను మార్చడమంటే ఒప్పుకోవడమే. ఫోను తీసి సన్యాసిరావు నంబరు నొక్కి, మోగకముందే ఆపేయడం రెండుసార్లు చూశాను. ఒక మనిషి ప్రాణం కంటే ఒక టీ బడ్డీ బరువెక్కువ కావడం నాకు వింతగా తోచింది. అయినా అతని లోపల అది అలాగే తూగింది.

ఆదివారం ఆమె చింతపల్లిలో వెనక ఎక్కింది. ఐసు పెట్టెను ఒళ్ళో పెట్టుకుని బాగున్న చేత్తో పట్టుకుంది. తారు ఆగిన చోట అతను మళ్ళీ బండి ఆపాడు.

"ఏమైంది?"

"ఏం లేదు," అని ముందుకు దూకించాడు.

అర కిలోమీటరు కంకర. అరిగిన అంచులతోనే రాళ్ళను పట్టాను, తోశాను, వాటి దెబ్బలు తిన్నాను. నా జీవితంలో నేను నేనుగా ఉన్నది ఆ అర కిలోమీటరే. తరవాత వాలు వచ్చింది, జిగురుమట్టి వచ్చింది. నాలుగు చుట్లు తిరిగేలోపే సందులన్నీ నిండిపోయాయి. సన్యాసిరావు చెప్పినట్టే అప్పడమయ్యాను. నిండని చోట పట్టుకోవడానికి అంచులు లేవు. బండి మెల్లగా, సిగ్గుపడుతున్నట్టు పక్కకు ఒరిగిపోయింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆమె పెట్టెను పొట్టకు హత్తుకుని పడింది. మూత తీసి చూసి, ఐసు అలాగే ఉందని నిట్టూర్చి, అప్పుడు మాట్లాడింది.

"మీ టైరు మీద ఉన్నది ఆకురాయి అరుగుదల. పోయిన వారమే తెలిసింది నాకు."

అతను బురదలో కూర్చునే తలెత్తాడు. "మరి తెలిసి ఎందుకు ఎక్కారు?"

"వారం రోజులిచ్చాను కదండీ. మార్చుకుంటారనుకున్నాను. పొద్దున్న మీరొచ్చినప్పుడు టైరు చూడలేదు. చూడకూడదనుకున్నాను." పెట్టె మూత బిగించింది. "మీరు భయపడి ఎక్కలేదని ఒక్క ముక్క చెప్పుంటే, నేను వేరే టైరు వేయించుకునేదాన్ని. అంతే."

పెట్టెను బాగున్న భుజం మీద పెట్టుకుని వాలు ఎక్కసాగింది. పై నుంచి ఇద్దరు మనుషులు ఎదురొచ్చి పెట్టె అందుకున్నారు. ఆమె వెనక్కి చూడలేదు.

అతను చాలాసేపు నా పక్కన కూర్చున్నాడు. ఏడుస్తాడనుకున్నాను. కనీసం క్షమించమంటాడనుకున్నాను, నన్ను కాకపోయినా గాలిని. అతను ఫోను తీశాడు. బురద నిండిన నన్ను దగ్గర్నుంచి ఒక ఫోటో, వెనక వాలు కనబడేలా మరొకటి తీశాడు, టీ బడ్డీ దగ్గర చూపించడానికి. ఆ ఫోటోల్లో ఒక్క రేణువు కూడా అబద్ధం కాదు.

మర్నాడే గాజువాక వెళ్ళి నన్ను విప్పించేశాడు. "ఈ టైరు బురదలో పనికిరాదండీ. మనుషుల్ని పడేస్తుంది," అన్నాడు. సన్యాసిరావు నన్ను పక్కకు దొర్లిస్తూ బొటనవేలు అంచుల మీద పోనిచ్చి ఒక్క క్షణం ఆగాడు. అతనికి అర్థమైంది. కొట్టు వెనక కుప్ప మీద పడేశాడు. బేరం చేసుకునేవాడు బేరానికి వచ్చినవాడి గుట్టు విప్పడు.

దసరా ముందు ఎస్తేరు కొట్టుకు వచ్చింది. కట్టు విప్పేశారు. తలుపు తెరిచి ఉంటే కుప్ప మీది నుంచి నాకు ఆమె కనబడుతూనే ఉంది.

"బురద టైరు కావాలండీ."

"ముందే నన్నడిగుంటే ఇదే సెప్పేవాణ్ణి తల్లీ," అంటూ సన్యాసిరావు వాడేసిన టైరు ఒకటి దొర్లించుకొచ్చాడు. "కాఫీ తోటల్లో తిరిగే ఓ సూపర్‌వైజరుది. రెండు వానాకాలాలు కొండల్లోనే నడిపాడు. ఇదే రకం. అరుగుదల సూడండి, మీకే తెలుస్తాది."

"వద్దండీ. అరిగినవి చూపించకండి."

"అదేటమ్మా! మనుషులు ఆడతారు గానీ టైరు అబద్దమాడదు."

"ఆడిస్తారు," అంది. "కొత్తది బిగించండి. బాగుందో లేదో వాలులో నేనే చూసుకుంటాను."

సన్యాసిరావు కొత్త బురద టైరు బిగించాడు. ఆ పాత టైరును తెచ్చి నా పక్కన పడేశాడు. రాళ్ళు కొరికిన గాట్లు, లోతుల దాకా ఒరుసుకుపోయిన సందులు, ఒకవైపే గుండ్రపడిన అంచులు. రెండు వానాకాలాల నిజం దాని ఒంటి నిండా ఉంది. ఆమె దాన్ని తాకనైనా తాకలేదు.