ఎడమ క్రాంకు

కోపం నా ముక్కు మీదే ఉంటుంది. హృషీకేశ్ ఆ పాత ఆడ సైకిలు తెచ్చిన రోజు కూడా అక్కడే ఉంది.

"మా అత్త కల్యాణవల్లిది. ముప్పై ఐదేళ్లు దీనిమీదే బడికి పోయి పాఠాలు సెప్పింది. రిటైరైనాక రెండేళ్లుగా మూలన పడుండాది. మళ్లా తొక్కుతానంటాది. ఆటో వద్దంట, నా స్కూటరు వెనక కూసోనంట. ఒకరి మీద ఆధారపడే బతుకు వద్దంట. దావూద్ సాయిబు అంగడికే తీసకపొమ్మనింది," అన్నాడు.

దావూద్ మా నాయన. పోయి తొమ్మిదేళ్లయింది. అప్పటినుంచి ఈ సైకిలు రిపేరు అంగడి నాది.

"మా అత్త కాలు..." అని ఇంకేదో చెప్పబోయాడు.

"సైకిలు సంగతి సెప్పప్పా. కాళ్ల సంగతి డాక్టరుకు సెప్పుకో," అని నోరు మూయించాను.

విప్పి చూస్తే ఫ్రేము గట్టిగానే ఉంది. టైర్లు, చైను, బ్రేకులు మార్చడం పెద్ద పని కాదు. ఎడమ పెడలును పట్టుకునే క్రాంకును చూసేసరికి మాత్రం ఒళ్లు మండింది. ఎవడో దాన్ని విరగ్గొట్టి, మధ్యలో గ్యాసు వెల్డింగుతో అతికించి, పైన రంగు పూశాడు. కుడిదానికంటే అంగుళం పొట్టి. మా నాయన ఇలాంటి అతుకు పనులు చేసే మనిషి కాదు.

"యే సేతగానోడు సేసినాడో, వాడి సేతులిరిగిపోను," అని పక్కనున్న టీ అంగడి వెంకటరమణకు చూపించి మరీ తిట్టాను.

కొత్తది వేద్దామంటే ఆ పాత సైకిలు ఇరుసు సన్నం, ఇప్పటి క్రాంకుల బొక్క పెద్దది. పిన్ను కొట్టినా వదులుగా ఆడుతోంది. తిరుపతిలో అంగళ్లన్నీ తిరిగి, దొరక్క అందరినీ తిట్టుకుంటూ వచ్చాను.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుండాది నీ యవ్వారం. రేకు ముక్క సుట్టి బిగించబ్బా," అన్నాడు వెంకటరమణ.

అలా బిగిస్తే నేను దావూద్ కొడుకునెలా అవుతాను? చిత్తూరు పాత ఇనుము కొట్లలో ఒక రోజు పోయింది. ఐరాలలో దొరికింది కానీ అది కుడివైపుది. చివరికి కార్వేటినగరంలో, ఎప్పుడో మూసేసిన బాడుగ సైకిళ్ల అంగడి అటకమీద, నూనె గుడ్డలో చుట్టి ఉంది. తెచ్చి తొడిగితే చక్కగా కూర్చుంది. రెండు క్రాంకులూ సమానం. పాతదాన్ని తుక్కు డబ్బాలోకి విసిరేసి, నన్ను నేనే మెచ్చుకున్నాను.

శుక్రవారం పొద్దున మేనల్లుడి స్కూటరు మీద ఆమే వచ్చింది. ఎడమ కాలు కుంటుతూ దిగి, సైకిలును చూసి నవ్వింది. సందులో ఎక్కి తొక్కింది. ఎడమ పెడలు కిందికి పోయిన ప్రతిసారీ పాదం అందక గాల్లో వేలాడింది. పది గజాలు పోయి గోడ పట్టుకుని దిగింది.

"సైకిలు బాగుండాది జిలాన్. నా కాలే అయిపోయింది," అంది. "చిన్నప్పుడు పోలియో వచ్చి పొట్టిదైన కాలు. అయినా ఇన్నేళ్లు అందింది. ఇంక అందదు. దీన్ని ఎవరికన్నా ఇచ్చెయ్ నాయనా."

"ఇన్నేళ్లు ఎట్ల అందిందమ్మా?"

"కొన్న కొత్తలో ఇట్లే అందలేదు. మీ నాయన దగ్గరికి ఏడస్తా వచ్చినాను. రెండు రోజులు పెట్టుకున్నాడు. 'నూనె ఏసినాను పాపా, ఇప్పుడు తొక్కు' అన్నాడు. ఆ పొద్దు నుంచి అందింది."

అప్పుడు తెలిసింది. అది విరిగిన క్రాంకు కాదు. పెడలు మరీ కిందికి పోకుండా ఆమె కాలికి సరిపడా కోసి, అతికించి, అతుకు కనపడకుండా రంగు పూసి, ఆమెకు కూడా చెప్పకుండా ఇచ్చాడు. ఆ మనిషిని ఆయన అంగడిలోనే కూర్చుని తిట్టాను. ఆయన చేతులు విరిగిపోవాలన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"టీ తాగండమ్మా, చిన్న పని మిగిలుండాది," అని ఆమెను వెంకటరమణ అంగడికి పంపి, తుక్కు డబ్బా బోర్లించాను. పాత క్రాంకు అడుగున దొరికింది. కార్వేటినగరందాన్ని విప్పి, నాయనదాన్ని తొడిగి, పిన్ను కొట్టాను. ఇన్ని ఊళ్లు తిరిగిన సంగతి చెప్పుకోవాలని నాలుక దురద పెట్టింది.

"నూనె ఏసేది మర్సిపోయినానమ్మా," అన్నాను. "ఇప్పుడు తొక్కండి."

ఆమె భయంభయంగా ఎక్కింది. ఎడమ పెడలు కిందికి పోయింది, పాదం దానితోనే పోయింది. సందు చివరిదాకా పోయినా ఆగలేదు.

"హృషీ, నువ్వు ఇంటికి పో, నేనొస్తా," అని వెనక్కి తిరగకుండానే చెప్పి, పెద్ద వీధిలోకి మలుపు తిరిగింది.