మట్టి గొట్టాల్లో మందు

ల్యాబులో చిన్నా పెద్దా అందరికీ ఆమె అక్కయ్యే. పాతికేళ్ళుగా గాజు సీసాలు కడిగి, పొడులు తూచి, కుర్ర శాస్త్రవేత్తలకు చీవాట్లు పెట్టి సంపాదించుకున్న వరస అది. ఇంట్లో మాత్రం ఆమె మాట చెల్లేది రోజుకు నాలుగుసార్లే: పొద్దున ఆరింటికి, పదింటికి, రెండింటికి, మళ్ళీ సాయంత్రం ఆరింటికి. అవి భర్త మాత్రల వేళలు. ఆయన టైలరు. వణుకుడు జబ్బు. మాత్ర బలం ఉన్నంతసేపూ చక్కగా కాజాలు కుడతాడు. అది తగ్గిందంటే సూదిలో దారం కూడా ఎక్కదు. వేళ మరిచిపోవడంలో మహా మొనగాడు. అందుకే పదింటికీ రెండింటికీ ల్యాబు నుంచి ఫోను చేసి మరీ మింగిస్తుంది.

ల్యాబులో పని కూడా ఆ మందుతోనే. భూమిలో దొరికే ఒకరకం తెల్లమట్టిలో కంటికి ఆనని సన్నటి గొట్టాలుంటాయి. వాటి నిండా మందు పట్టించి మింగిస్తే ఒంట్లో కొద్దికొద్దిగా వదులుతుందని ల్యాబు నడిపే మేడం ఆశ. ముందు ఆ మట్టిని పలచటి సంచిలో కట్టి, గోరువెచ్చని నీళ్ళసీసాలో వేసి, షేకరు మీద ఊపుతూ, గంటగంటకూ పైనీళ్ళు తీసి అందులోకి మందెంత దిగిందో చూస్తారు. కిందటి వారం అక్కయ్య చేసిన పరీక్షలో మందు పన్నెండు గంటలు నిలిచింది. మేడం ఎగిరి గంతేసింది. అక్కయ్య నోట్లో నువ్వుగింజ నానక ఇంట్లో చెప్పేసింది.

"ఒక్క పొట్లం పట్టుకురా," అన్నాడాయన.

"ఇంకా ఎలకలకే ఇవ్వలేదండీ!"

"ఎలకలేమన్నా చొక్కాలు కుట్టాలా? ముందు నాకియ్యి."

కసిరింది గానీ ఆ మాట బుర్రలో తిష్ఠ వేసింది. తప్పని తెలుసు. అయినా ఇవాళ పొద్దున మేడం రాకముందే, మూడు మాత్రలపాటి మందున్న మట్టిని కాగితంలో మడిచి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

రిపోర్టు పంపేముందు పరీక్ష ఇంకోసారి చెయ్యమంది మేడం. పదింటికి సీసాను షేకరెక్కించి ఇంటికి ఫోను చేసింది.

"మాత్ర వేసుకోండి. సాయంత్రం అది తెస్తున్నా."

గడగడ చప్పుడులో ఆయన మాట వినబడలేదు. ఆమె చెయ్యి దానంతటదే షేకరు స్విచ్చి మీదికి వెళ్ళింది. అంతే, చటుక్కున వెనక్కి లాక్కుంది. కిందటి వారమూ ఇలాగే ఆపింది. మళ్ళీ వేసిన గుర్తు లేదు. ఊపకపోతే మందు సంచి చుట్టూ అడుగునే ఉండిపోతుంది, పైనీళ్ళలో కనబడదు.

ఇక షేకరు దగ్గర్నుంచి కదల్లేదు, ఫోను ముట్టుకోలేదు. పన్నెండయ్యేసరికి మందంతా నీళ్ళలోకి వచ్చేసింది. నమ్మలేక ఇంకో సీసా పెట్టింది. అదీ అంతే. మూడు మాత్రల మందు ఒక్కసారిగా ఒంట్లో పడితే ఆయన నిలబడ్డచోటే కూలిపోయేవాడు.

పొట్లం తీసుకెళ్ళి మేడం బల్లమీద పెట్టి, ఏదీ దాచకుండా చెప్పేసింది.

"పరీక్ష తప్పితే మళ్ళీ చేసుకుంటాం అక్కయ్యా. ఆయనకేమన్నా అయ్యుంటే ఏం చేసేవాళ్ళం?"

తిట్టినా ఓర్చుకునేదేమో, ఆ మాటకు మాత్రం అక్కయ్య ఏడ్చేసింది.

ఇంటికొచ్చేసరికి ఆయన కుట్టుమిషను ముందు కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో చేతులు రెండూ ఆగకుండా ఎగిరిపడుతున్నాయి.

"రెండింటి మాత్ర వేసుకోలేదా?"

"నువ్వు ఫోను చెయ్యలేదుగా. చేసినా వేసుకునేవాణ్ణి కాదులే. నీ పొట్లం వస్తోంది కదా, రెండూ కలిస్తే ఎక్కువవుతుందని ఆగాను."

ఆమే మాత్ర నోట్లో వేసి నీళ్ళు పట్టించింది. పొట్లం ఎందుకు తేలేదో చెప్పింది. ఆయన తల వంచుకుని విన్నాడు.

"ఎంతసేపు నిలిచిందన్నావు?"

"రెండు గంటలు."

"సరే, ఇంకా పది గంటలేగా కావాల్సింది. రేపు పెందలాడే వెళ్ళు."

మాత్ర పనిచెయ్యడానికి అరగంట పడుతుంది. ఆ అరగంటా ఆయన చేతుల్ని తన చేతుల్లోనే పెట్టుకుని కూర్చుంది.